గడపలో ఆగిన మగ్గం

ఇలా దగ్గరికి జరగండమ్మా. చేతిలో పనుంటే పనితోనే రండి. పప్పు ఏరుకుంటూ వినొచ్చు, పిల్లకి జడ వేస్తూ వినొచ్చు. మొన్న ఎక్కడ వదిలాం? బుర్హాన్‌పూర్‌లో సయ్యద్‌వాడా సందులో, పాత హవేలీ గుమ్మం ముందు, తోపుడు బండి మీద మగ్గం కట్టించుకుని మైమూనా వచ్చి నిలబడింది. లోపలి నుంచి అత్తగారు అమ్మాబీ తన చేతికర్రను గడపకు అడ్డం పెట్టింది. అక్కడ వదిలాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మైమూనా మోమిన్ల పిల్ల, అంటే నేతవాళ్ల ఆడపడుచు. పదకొండేళ్ల కింద సయ్యదుల ఇంటికి కోడలిగా వచ్చింది. సయ్యదులంటే ప్రవక్తగారి వంశం వాళ్లు. పేరు పెద్దదే గానీ ఇనాం భూములు పోయాయి. జిన్నింగ్ మిల్లు మూతపడి మొగుడు ముజ్తబా గుమస్తా పని కూడా పోయింది. ఇంతలో రంజాన్ నెల వచ్చింది. పగలంతా ఉపవాసం ఉండడం అందరికీ ఉన్నదే. సాయంత్రం ఆ ఉపవాసం విప్పడానికి ఇంట్లో ఏమీ లేకపోవడమే వాళ్లకి కొత్త.

ఉన్నవాళ్లు ఏడాదికోసారి తమ సొమ్ములో నలభయ్యో వంతు లేనివాళ్లకి తీసి ఇవ్వాలి. దాన్నే జకాత్ అంటారు. అది దయతో వేసే ముష్టి కాదు, లేనివాళ్ల హక్కు. అయితే సయ్యదులు దాన్ని పుచ్చుకోకూడదని కట్టడి ఉంది. అది జనం సొమ్ములోంచి కడిగి తీసిన మురికి అనీ, ఆ వంశం చేతికి తగలకూడదనీ అంటారు. అమ్మాబీ ఇంట్లోనైతే జకాత్‌కి వేరే పేరే లేదు. చేతిమురికి, అంతే.

మోమిన్‌పురా ఆడవాళ్ల పద్ధతి వేరు. వాళ్లు తమ జకాత్ అంతా పోగేసి ఏటా ఒక మగ్గం కొంటారు, దిక్కులేని ఆడమనిషి చేతికి ఇస్తారు. పుచ్చుకున్న మనిషి తర్వాత ఏడాదికి ఇచ్చే మనిషి కావాలని వాళ్ల పట్టుదల. ఆ వ్యవహారమంతా నడిపేది హాజరా ఖాలా, అందరికీ పిన్ని వరస. ఆ ఏడు మగ్గం మైమూనా పేరున వచ్చింది. అదే బండి మీద ఉంది. బండి గుమ్మంలో ఉంది. కర్ర అడ్డంగా ఉంది.

“ఒక్క కొయ్య దించావంటే నీ బండి చక్రాలు పొయ్యిలో పెడతాను,” అంది అమ్మాబీ బండివాడితో.

బండి తోసే షబ్బన్ మియా తలగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. “పొయ్యిలో పెట్టాలన్నా ముందు బండిని లోపలికి రానివ్వాలి కదా బేగం సాహెబా. కిరాయి మాట్లాడుకున్నది దూరానికి. ఈ గొడవకి కూడా ఇస్తారేమో ముందే తేల్చండి.”

పక్కింటి కిటికీ తెర వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సందులో ప్రతి కిటికీకీ ఒక తెర ఉంది, ప్రతి తెర వెనకా ఒక చెవి ఉంది. ఆ సంగతి అమ్మాబీకి తెలుసు. అందుకే గొంతు ఇంకా పెంచింది.

“మా మామగారు ఈ గడప మీద నిలబడి ఊరికి పంచేవారు. ఆయన పాదం ఆనిన చోటు నుంచి చేతిమురికి లోపలికి తెస్తావా దుల్హన్? అడ్డూ అదుపూ లేదా నీకు?” కోడల్ని ఆవిడ పిలిచేది దుల్హన్ అనే.

మైమూనా నోరు ఉపవాసానికి ఎండిపోయి ఉంది. మాట బయటికి రావాలంటే ముందు నాలుకను పెకలించుకోవాల్సి వచ్చింది. అయినా చూపు మాత్రం కర్ర మీంచి తియ్యలేదు.

“మొన్న సాయంత్రం అజాన్ అయ్యాక బుష్రా ఏం చేసిందో చూశారా అమ్మాబీ?” అంది. “మీ మనవరాలు. ముందురోజు తిన్న ఖర్జూరం గింజని కొంగులో దాచుకుంది. దాన్ని తీసి బుగ్గన పెట్టుకుంది. అమ్మీ, ఇంకా తియ్యగానే ఉంది అని నాకు చెప్పింది. నేను సిగ్గుపడాల్సింది అప్పుడు పడ్డాను. ఈ మగ్గానికి పడను.”

అమ్మాబీ ముఖంలో ఏదో కదిలింది. కానీ ఆవిడ అంత తేలిగ్గా కదిలే మనిషి కాదు. కదిలిన దాన్ని వెంటనే అణిచేసింది.

“పదకొండేళ్లు అత్తరు పూశాం నీకు. గంజి వాసన మాత్రం పోలేదు.”

నేతింట్లో నూలుకి గంజి పెడతారు కదా, ఆ వాసన. ఈ ఎత్తిపొడుపు మైమూనాకి కొత్త కాదు. పెళ్లైన మర్నాడు మొదటిసారి విని మరుగుదొడ్లో కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత ప్రతి పండక్కీ, ప్రతి పేరంటానికీ వింటూనే ఉంది. ఆ రోజు మాత్రం ఏమైందో, వింటూనే నవ్వొచ్చింది.

“పోలేదు అమ్మాబీ. పోకపోవడమే ఇవాళ పనికొచ్చింది.”

“ఏమన్నావ్?”

“సయ్యదుల ఇంట్లో అన్నం తిన్నంత మాత్రాన సయ్యదువి అయిపోవు అని మీరే కదా ఎప్పుడూ అనేది. నిన్న ముఫ్తీ సాహెబు గారి ఇంటికి వెళ్లి తెర వెనక నిలబడి అదే అడిగాను. ఆయనా అదే మాట అన్నారు. పెళ్లితో వంశం మారదట. నా మొగుడు పుచ్చుకోకూడదు, నా కూతురు పుచ్చుకోకూడదు, ఎందుకంటే బిడ్డ తండ్రి వంశం. నేను పుచ్చుకోవచ్చు. ఎందుకంటే నేను గంజి వాసన మనిషిని.”

తెరల వెనక ఈసారి ఎవరూ నవ్వలేదు. హాజరా ఖాలా బండి పక్కన నిలబడి, బురఖా ముసుగు లోపల తమలపాకు లేని నోటిని ఊరికే నములుతోంది. రంజాన్‌లో పగలు ఆకు వేసుకోలేని బాధ ఆవిడది.

“పుచ్చుకుని ఏం చేస్తావ్?” అమ్మాబీ కర్రను ఇంకాస్త బిగించింది. “చేతిమురికి మగ్గం మీద నేసిన డబ్బుతో అన్నం వండితే నా కొడుకు తింటాడా?”

“మగ్గం నా చేతికొచ్చాక అది నా సొత్తు. దాని మీద నేసింది నా చెమట. నా చెమటతో వండి పెడితే అది అన్నం. తినేవాళ్లు తింటారు, మానేవాళ్లు మానతారు. బుష్రా మాత్రం తింటుంది.”

సరిగ్గా అప్పుడే సాయంత్రపు అసర్ నమాజు ముగించుకుని అమ్మాబీ పెద్దకొడుకు ఇర్తజా సందులోకి వచ్చాడు. ముజ్తబాకి అన్నగారు. మైమూనా మామగారు పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటి వ్యవహారాలన్నీ ఆయనవే. కుర్రతనంలో మదర్సాలో చదువుకున్నాడు కూడా. ఇస్త్రీ చెదరని షేర్వానీ, నెమ్మదైన నడక. బండిని చూశాడు, కర్రను చూశాడు, కిటికీలను చూశాడు. కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకోని మనిషితోనే మైమూనాకి భయం.

“అమ్మాజాన్, మీరు అనవసరంగా అలిసిపోతున్నారు,” అన్నాడు. “వంశం మాట నిజమే. దుల్హన్ సయ్యదాని కాదు, పుచ్చుకోవచ్చు. కానీ ఒక్క షరతు ఉంది. చేతిలో ఏమీ లేనివాళ్లే పుచ్చుకోవాలి. ఏడున్నర తులాల బంగారం ఉన్న మనిషికి జకాత్ హరాం. పుచ్చుకోవడం కాదు, ఆ మనిషే ఇవ్వాలి.” ఆ తర్వాత మైమూనా వైపు చూడకుండానే అన్నాడు, “నిఖా నాడు నీ ఒంటి మీద ఎక్కించిన నగలు ఏడున్నర తులాల కన్నా తక్కువా దుల్హన్?”

అయిపోయింది. హాజరా ఖాలా నమలడం ఆపేసింది. షబ్బన్ మియా బండి పిడి మీద చెయ్యి వేశాడు, వెనక్కి తిప్పడానికే అన్నట్టు.

ఆ నగలు మైమూనాకి బాగా గుర్తు. మెడకి బరువైన పతకాల హారం, చేతులకి కంకణాలు, నుదుటి మీద పక్కకి వాలే బిళ్ల. పెళ్లినాడు తొడిగారు. పెళ్లి తర్వాతి వలీమా విందు అవగానే అమ్మాబీ విప్పించుకుంది. ఇది ఇంటి బంగారం దుల్హన్, ఇంట్లోనే ఉండాలి అని పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత రెండు పెళ్లిళ్లకి తీసి తొడిగారు, మర్నాడే మళ్లీ పెట్టెలోకి. బుష్రా పుట్టినప్పుడు తనకి జ్వరం ముదిరితే, ఒక్క కంకణం ఇవ్వండి, ఖండ్వా ఊరెళ్లి డాక్టరుకి చూపించుకుంటాను అని అడిగింది. అప్పుడూ అదే మాట. ఇంటి బంగారం.

మైమూనా ముసుగు పైకెత్తింది. బావగారి ముందు ముసుగెత్తడం ఆ సందు ఎప్పుడూ చూడలేదు.

“ఆ బంగారం ఎవరిది భాయీ సాహెబ్?”

“అదేం ప్రశ్న? ఇంటిది.”

“ఇల్లు నమాజు చేస్తుందా?”

ఇర్తజా కనుబొమలు ముడిపడ్డాయి.

“ఇల్లు ఉపవాసం ఉంటుందా?” మైమూనా గొంతు పెంచలేదు. “రేపు లెక్క చెప్పాల్సిన రోజున ఇల్లు లేచి నిలబడుతుందా? చదువుకున్నవారు, మీరే చెప్పండి. జకాత్ ఇంటి మీద ఉందా, మనిషి మీద ఉందా?”

“మనిషి మీదే. కానీ...”

“అయితే మనిషి పేరు చెప్పండి. నాదా? నాదైతే ఇప్పుడే, ఈ సందులో, అందరూ వింటుండగా నాది అనండి. షబ్బన్ మియాకి వెనక్కి వెళ్లే కిరాయి కూడా నేనే ఇస్తాను. హాజరా ఖాలా కాళ్లు పట్టుకుని, ఈ మగ్గం ఇంకో దిక్కులేనిదానికి ఇవ్వమని చెప్తాను. నా బంగారం నా చేతికివ్వండి, దాని మీద జకాత్ కడతాను, మిగిలింది అమ్మి నా మగ్గం నేనే కొనుక్కుంటాను. నాది కాదా? అయితే నేను బీదదాన్ని, మగ్గం లోపలికొస్తుంది. అడిగినప్పుడు ఇంటిదీ, ఆకలేసినప్పుడు నాదీ అంటే కుదరదు భాయీ సాహెబ్. రెండిట్లో ఒకటి చెప్పండి.”

“ఇవి వీధిలో తేల్చుకునే మాటలు కావు,” అన్నాడు ఇర్తజా. చూపు కిటికీల మీదికి పోయి వచ్చింది. “పండగ కానీ. ఈద్ తర్వాత పెద్దల్ని కూర్చోబెట్టి...”

“ఈద్ దాకా పెద్దలు తింటారు. బుష్రా ఏం తినాలి?”

పక్కింటి తెర వెనక నుంచి ఒక ముసలి గొంతు, “చెప్పరాదా ఇర్తజా మియా, మాకూ ఇఫ్తార్ వంట ఉంది,” అంది. ఎవరో ఆవిడని ఊరుకోమన్నారు. ఆవిడ ఊరుకోలేదు. “నన్నెందుకు ఊరుకోమంటావే, నువ్వూ వింటూనే ఉన్నావుగా!”

ఇర్తజా షేర్వానీ గుండీ సవరించుకున్నాడు. జవాబు గడప లోపలి నుంచి వచ్చింది.

“నాది,” అంది అమ్మాబీ.

అందరూ అటు తిరిగారు.

“ఆ బంగారం నాది. మా అత్తగారు చనిపోయేముందు నా చేతిలో పెట్టి, నీది అన్నారు. దుల్హన్‌కి తొడిగాను, ఇచ్చెయ్యలేదు. ఒక రోజుకి తొడగడం వేరు, ఇచ్చెయ్యడం వేరు. నాది కాని దాని కోసం అబద్ధమాడను. నాదైన దాన్ని ఈ పిల్ల మాటలకి వదులుకోను. వినండి అందరూ. నాది!”

ఆ మాట కోసమే కదా మైమూనా అంతసేపు పోరాడింది. అయినా వింటుంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంది. పదకొండేళ్లలో ఒక్కసారైనా ఆ నగలు నావే అనుకోలేదని చెప్తే అది అబద్ధం. గర్భంతో ఉన్నప్పుడు, ఆడపిల్ల పుడితే ఆ నుదుటి బిళ్ల పెడతానని మనసులో అనుకుంది. ఆ ఆశని అక్కడే, ఆ గుమ్మంలోనే నిలబెట్టి మరీ తుంచేశారు.

హాజరా ఖాలా వైపు తిరిగింది.

“విన్నావా హాజరా ఖాలా? ఏమీ లేనిదాన్ని. మా అత్తగారే సాక్ష్యం. షబ్బన్ మియా, దించండి.”

షబ్బన్ మియా తాళ్లు విప్పాడు. అయినా కర్ర ఇంకా అడ్డంగానే ఉంది. అమ్మాబీ పిడికిలి తెల్లబడింది. సయ్యదుల ముసలావిడ చేతికర్ర మీద చెయ్యి వెయ్యడానికి షబ్బన్‌కి ధైర్యం లేదు, మైమూనాకి మనసు లేదు.

అప్పుడు లోపలి వరండాలోంచి ముజ్తబా వచ్చాడు. పని పోయిన నాటి నుంచి ఆ మనిషి గోడకి చేరగిలబడి కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేదు. భార్యకీ తల్లికీ మధ్య ఎప్పుడు మాట పెరిగినా నమాజు చాప వెతుక్కునేవాడు. ఇవాళ కూడా చాప కోసమే లేచాడేమో, మైమూనాకి తెలియదు. తల్లి కర్ర కిందుగా వంగి ఇవతలికి వచ్చి, బండి మీది పొడుగాటి దూలాన్ని రెండు చేతులా ఎత్తి భుజానికెత్తుకున్నాడు. అలవాటు లేని భుజం, ఒక పక్కకి ఒరిగిపోయాడు. మళ్లీ సర్దుకున్నాడు.

“సయ్యద్ బిడ్డవి!” అమ్మాబీ గొంతు పగిలింది. “మోమిన్ల కొయ్య మోస్తావా?”

“మా ఆవిడ కొయ్య అమ్మాజాన్,” అన్నాడు ముజ్తబా. “పుచ్చుకోవడం నాకు కూడదు గానీ మొయ్యడం కూడదని ఎక్కడా లేదు. బరువుగా ఉంది. కర్ర తియ్యండి.”

భుజం మీద దూలంతో కొడుకు గడప ముందు నిలబడే ఉన్నాడు. ముసలావిడ కొడుకు ముఖంలోకి చూసింది, వంగిపోతున్న భుజాన్ని చూసింది. నెమ్మదిగా, ఎవరో లాగుతుంటే ఇచ్చినట్టుగా, కర్ర వెనక్కి తీసుకుంది.

మగ్గం లోపలికి వచ్చింది. దూలాలు, కాలితొక్కుళ్లు, పోగులు సర్దే పన్నె, ఒక గుడ్డసంచీలో అడ్డపోగు నడిపే నాడెలు. వసారాలో వెలుగు బాగా పడే మూలన మైమూనా వాటిని ఒక్కొక్కటే పేర్చుకుంది. పదకొండేళ్లుగా ముట్టని పని. అయినా నాడె అరచేతిలోకి రాగానే వేళ్లు వాటంతటవే చుట్టుకున్నాయి. బుష్రా పరుగెత్తుకొచ్చి, “అమ్మీ, ఇది చేప పిల్లలా ఉందే!” అని నాడెని చెంపకి ఆనించుకుంది.

హాజరా ఖాలా గడప లోపలికి రాలేదు. గుమ్మంలోంచే అంది, “ఇది నీ సొత్తు బేటీ. మా చేతుల్లోంచి పోయింది, నీ చేతికొచ్చింది. పుచ్చుకున్నాను అను.”

“పుచ్చుకున్నాను,” అంది మైమూనా. తలెత్తి, సందంతా వినేలా అంది.

హాజరా ఖాలా వెనుదిరిగింది. కథ అక్కడితో అయిపోయేదే. అమ్మాబీ పిలవకపోతే.

“హాజరా! ఆగు.”

మంచం మీద కూలబడిన అమ్మాబీ ముఖం మారిపోయింది. ఓడిపోయిన ముఖం కాదది. కొండంత తప్పేదో చేశానని అప్పుడే తట్టిన మనిషి ముఖం. ఆవిడకి పొగరుంది, నోరుంది, కానీ దేవుడి బాకీ అంటే వణుకు. జీవితంలో ఒక్క నమాజు తప్పించిన మనిషి కాదు.

“నాది అన్నాను కదా,” అంది నెమ్మదిగా. “ఇంతకాలం ఇంటిదనే అనుకున్నాను. ఇంటిదానికి జకాత్ ఏమిటని నేనూ కట్టలేదు, నా అత్తగారూ కట్టలేదు. ఎవరిదీ కాదనుకున్నాం. నాదైతే... ఇన్నేళ్ల జకాత్ నా మీద ఉన్నట్టేనా?”

హాజరా ఖాలా నేల చూపులు చూసింది. ఆ చూపే జవాబు.

“సరే,” అంది అమ్మాబీ. “ఈ పిల్ల నా నోట్లోంచి ఆ మాట లాగింది. లాగిందని దేవుడి దగ్గర మాట మారుస్తానా? ఎవరికివ్వాలి? నా కొడుక్కి ఇవ్వచ్చా?”

“కన్నబిడ్డకి కుదరదు బేగం సాహెబా. మనవరాలికీ కుదరదు.”

“ఇంట్లోవాళ్లెవరికీ కుదరదా?”

హాజరా ఖాలా చూపు వసారా మూలకి వెళ్లి ఆగింది. “కోడలికి కుదురుతుంది.”

నాడె మైమూనా చేతిలోనే ఉండిపోయింది. అత్తా కోడలూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ ముందుగా చూపు తిప్పలేదు. ప్రేమేమీ కాదు అది. సమానమైన ఇద్దరు ఆడవాళ్లు మొదటిసారి ఒకళ్లనొకళ్లు కొలుచుకున్నారు, అంతే.

“ఇచ్చేది భిక్ష అనుకోకు,” అంది అమ్మాబీ.

“అనుకోను. నా హక్కు,” అంది మైమూనా.

“నోరు మాత్రం తగ్గదు!” అమ్మాబీ కర్ర ఊతగా లేచి నిలబడింది. “ఇర్తజా, పెట్టె తీసుకురా. ఇక్కడే, వీళ్లందరి ముందే తూకం వేయిస్తాను.”

ఇర్తజా స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. కదల్లేదు.

“ఇఫ్తార్ వేళవుతోంది అమ్మాజాన్. ఇప్పుడెందుకు?”

“ఎండ ఇంకా గోడ మీదే ఉంది. పెట్టె తీసుకురా.”

“తాళంచెవి ఎక్కడ పెట్టానో...”

“నీ నడుముకే ఉంది. ఇక్కణ్నించి నాకు కనిపిస్తోంది.”

ఇర్తజా చెయ్యి షేర్వానీ మీదికి పోయింది, తాళంచెవిని కప్పేసింది. తియ్యడానికి పోయిన చెయ్యి కాదది, దాచడానికి పోయింది. నుదుటి మీద చెమట పట్టి కనుబొమల దాకా జారుతోంది. ముజ్తబా అన్న ముఖం చూశాడు. మైమూనా చూసింది. ఆఖరికి అమ్మాబీ కూడా చూసింది. చూసి, కర్ర మీది చెయ్యి జారి మళ్లీ మంచం మీద కూర్చుండిపోయింది.

“ఇర్తజా,” అంది. “పెట్టెలో ఏముంది?”

మనం ఇక్కడే ఆగుదాం, ఆ ప్రశ్న అక్కడ అలాగే ఉండనీ. ఈలోపు నా కోసం ఒక పని చెయ్యండమ్మా. మైమూనా అడిగిన మాట గుర్తుపెట్టుకోండి. ఇరుగుపొరుగుకి చెప్పండి, ఎదిగిన ఆడపిల్లలుంటే కూర్చోబెట్టి మరీ చెప్పండి. ఏ ఇంట్లోనైనా పెట్టె ముందు నిలబడి, ఇది ఇంటిది అని ఎవరైనా అంటే, మనిషి పేరు అడగమనండి. ఇలా అడగడం ఎవరు నేర్పారే నీకు అంటే, బుర్హాన్‌పూర్ మోమిన్ల పిల్ల మైమూనా నేర్పిందని చెప్పమనండి.